కొల్లేరు ఎలా బతుకుతుంది, దేనివల్ల చిక్కిపోతోంది: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కైకలూరు దగ్గర పల్లె. ఊరు వదిలి చాలా ఏళ్లయింది. అయినా కొత్తగా పరిచయమైనవాళ్లు ఎక్కడివాళ్లని అడిగి, "ఓ, కొల్లేరా!" అనగానే ప్రశ్నలు మొదలవుతాయి. పిల్లల స్కూలు ప్రాజెక్టు కోసం అడిగేవాళ్లు కొందరు. చేపల చెరువు లీజుకు తీసుకుంటే ఎలా ఉంటుందని అడిగేవాళ్లు కొందరు. "అసలు కొల్లేరు ఇంకా మిగిలుందా?" అని వెటకారంగా అడిగేవాళ్లూ ఉంటారు. ఆ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి, నాకు తెలిసిన జవాబులు రాస్తున్నాను. ఒక సంగతి ముందే చెప్పాలి: మా పెదనాన్నగారికి చేపల చెరువు ఉండేది. నా చదువు ఫీజుల్లో కొంత ఆ శీలావతుల డబ్బే. కాబట్టి చెరువులవాళ్లను తిట్టడానికి ఇది రాయలేదు. అలాగని జరిగినదాన్ని దాచడానికీ రాయలేదు.

ఆవరణ వ్యవస్థ అంటే ఏమిటి? పాఠ్యపుస్తకం నిర్వచనం వద్దు.

సరే. కొల్లేట్లో కిక్కిస దుబ్బు ఒకటి తీసుకోండి. నిలువెత్తు గడ్డి అది. నీళ్లలో మునిగిన దాని కాడల చుట్టూ జిగురుగా నాచు పట్టి ఉంటుంది. ఆ నాచును నత్తలు, చిన్న పురుగులు గీక్కుని తింటాయి. వాటి కోసం పరిగెలు, బొమ్మిడాయిలు వస్తాయి. వాటి కోసం కొర్రమీను దుబ్బు నీడలో కదలకుండా కాచుకుని ఉంటుంది. దుబ్బు పైభాగంలో నీటికోడి గూడు. గాలికి దుబ్బు ఒరిగితే చచ్చిన ఆకులు నీళ్లలో పడి కుళ్లుతాయి, ఆ కుళ్లును సూక్ష్మజీవులు మళ్లీ ఎరువుగా మారుస్తాయి, ఆ ఎరువుతో కొత్త పిలక లేస్తుంది.

ఈ ప్రాణులన్నీ, వాటితోపాటు అక్కడి నీరు, బురద, ఎండ, గాలి, వీటి మధ్య నడిచే ఇచ్చిపుచ్చుకోవడం, అంతా కలిపి ఆవరణ వ్యవస్థ. జాబితాలో ఎన్ని జీవులున్నాయన్నది రెండో సంగతి. ఇచ్చిపుచ్చుకోవడం నడుస్తోందా, ఆగిందా అన్నదే మొదటిది. జూలో ఎన్ని జంతువులున్నా అది అడవి కాకపోవడానికి కారణం ఇదే.

కొల్లేరు ఎక్కడుంది? ఎంత పెద్దది?

కృష్ణా డెల్టాకూ గోదావరి డెల్టాకూ మధ్య ఉన్న పల్లంలో. 2022లో జిల్లాలు మారాక చాలా భాగం ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఎంత పెద్దదంటే మాత్రం ఒక్క అంకె చెప్పడం కుదరదు. సముద్రమట్టానికి 3 అడుగుల ఎత్తు వరకు నీళ్లుంటే సుమారు 135 చదరపు కిలోమీటర్లు, 5 అడుగుల వరకు ఉంటే 308, 10 అడుగులకు చేరితే 901. అంటే నీటిమట్టం ఏడడుగులు పెరిగితే సరస్సు విస్తీర్ణం ఆరింతలకు పైగా అవుతుంది. మూకుడులా లోతుండదు కొల్లేరు, పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే తక్కిన గొడవలన్నీ సగం అర్థమైనట్టే.

అందులోకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఎటు పోతాయి?

ఎగువ నుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు. వీటికి తోడు రెండు డెల్టాల పంటపొలాల నుంచి వచ్చే మురుగు కాలువలు, చిన్నవీ పెద్దవీ కలిపి అరవైకి పైనే. 1850ల్లో ధవళేశ్వరం, విజయవాడ ఆనకట్టలు కట్టి కాలువలు తవ్వినప్పటి నుంచి పొలాల్లో మిగిలిన నీళ్లన్నీ చేరే చోటు కూడా ఇదే అయింది.

బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే: ఉప్పుటేరు. వంకర్లు తిరుగుతూ అరవై కిలోమీటర్లకు పైగా వెళ్లి బంగాళాఖాతంలో కలుస్తుంది. పెద్ద వరదల్లో లోపలికి లక్ష క్యూసెక్కులకు పైగా రావచ్చని లెక్క. ఉప్పుటేరు లాక్కుపోగలిగేది పదిహేను వేలకు అటూ ఇటూ. మిగతాది ఎక్కడ నిలబడాలి? పళ్లెంలో. నీళ్లు మెల్లగా దిగేదాకా ఓపిక పట్టే చోటు కావాలి కదా, ఆ చోటే కొల్లేరు.

ఎండాకాలంలో కొల్లేరు ఎండిపోతుంది. అది చెడు సూచన కాదా?

ఇది అందరూ తప్పుగా అనుకునేది. సరస్సంటే ఏడాది పొడుగునా నిండుగా ఉండాలని బొమ్మల్లో చూసి అనుకుంటాం. కొల్లేరు ప్రాణమంతా నీళ్లు ఎక్కడంలోనూ, దిగడంలోనూ ఉంది.

ఆషాఢ శ్రావణాల్లో వాగులు పొంగి నీళ్లు లంకల మీదికి ఎక్కుతాయి. అప్పటిదాకా ఎండి బీటలు వారిన నేల ఒక్కసారి మునుగుతుంది. ఎండుగడ్డి, పశువుల పేడ, పాత వేళ్లు అన్నీ కుళ్లి నీళ్లలో సారం కలుస్తుంది. వారం పది రోజుల్లో కంటికి కనిపించని నాచు, దాన్ని తినే సూక్ష్మ ప్రాణులు కోట్లలో పుడతాయి. చేపలు దీనికోసమే కాచుకుని ఉంటాయి. లోతు మడుగుల్లోంచి కొత్తగా మునిగిన మెరకల మీదికి ఎదురెక్కి గుడ్లు పెడతాయి. పిల్లలకు మేత సిద్ధం, దాక్కోవడానికి గడ్డి సిద్ధం.

ఆ రోజుల్లో దోనె మీద పోతుంటే నీటిపైన అరచేతి మందాన ఎర్రగా ఏదో మరుగుతున్నట్టు కనిపిస్తుంది. అవి కొర్రమీను పిల్లలు. ఎర్రటి పిల్లల గుంపు గాలి కోసం పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. సరిగ్గా దాని కిందే తల్లీతండ్రీ కాపలా. చెయ్యి పెడితే కరవడానికి వస్తాయి. మా ఊళ్లో ముసలి వేటగాడొకాయన పిల్లలు ఎర్రగా ఉన్నంతకాలం ఆ చోట గాలం వేయనిచ్చేవాడు కాదు. పిల్లలు నల్లబడ్డాక ఆయనే ముందు వెళ్లేవాడు, అది వేరే సంగతి.

కార్తీకం దాటాక నీళ్లు దిగడం మొదలవుతుంది. చేపలన్నీ మిగిలిన నీళ్లలోకి చేరి కిక్కిరిసిపోతాయి. పక్షులు గూళ్లు కట్టి పిల్లల్ని సాకేది సరిగ్గా అప్పుడే, తక్కువ శ్రమతో ఎక్కువ మేత దొరికే కాలం కనుక. వేసవికి బయటపడిన బురద ఎండకు ఆరి, గాలి సోకి, లోపల పేరుకున్న చెత్త కుళ్లి నేలలో కలుస్తుంది. పూర్వం ఆ పదునులోనే దాళ్వా వరి వేసుకునేవారు. మళ్లీ తొలకరి.

నీళ్లు దిగకుండా ఏడాదంతా ఒకే మట్టంలో నిలబెడితే ఈ చక్రం తిరగదు.

ఒక గూడబాతు (పెలికాన్) ఒక చేప తింటే దాని వెనక ఎంత తతంగం ఉంటుంది?

లెక్క సులువు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు శక్తి దాదాపు పదో వంతే చేరుతుంది, మిగతాది బతకడానికే ఖర్చయిపోతుంది. అటూ ఇటూగా వెయ్యి కిలోల నాచు నూరు కిలోల సూక్ష్మ ప్రాణులను సాకుతుంది. అవి పది కిలోల చిన్న చేపలను సాకితే, ఆ చేపలు కిలో వాలుగను సాకుతాయి. అచ్చంగా పది శాతమే అని ప్రమాణం చేయలేం గానీ, స్థూలంగా ఇంతే.

పైమెట్టు మీద ఉన్నవాళ్లు ఎప్పుడూ తక్కువమంది ఎందుకుంటారో దీన్నిబట్టి తెలుస్తుంది. అడుగున కొంచెం తేడా వచ్చినా ముందు ఆకలి తెలిసేది పైమెట్టుకే. కొంగలు, గూడబాతులు వచ్చాయా లేదా అని పక్షుల లెక్కలు తీసేది ఏదో సరదాకి కాదు. అది కింది మెట్లన్నిటికీ కలిపి ఒకే థర్మామీటరు.

ఇందులో ఎదురు బాకీ కూడా ఉంది. పక్షులు రెట్ట రూపంలో నీళ్లకు తిరిగి ఇస్తాయి. తిరుపతి జిల్లా నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టే చెట్ల కింది చెరువు నీళ్లు పొలానికి బలమని అక్కడి రైతులు ఎప్పటినుంచో చెప్పుకుంటారు. నత్రజని, భాస్వరం తిరిగి పొలానికి చేరుతున్నాయన్నమాట.

కొల్లేరు నీళ్లను శుభ్రం చేస్తుందంటారు. సరస్సు నీళ్లను శుభ్రం చేయడమేమిటి?

బురద నీళ్ల కుండలో చిల్లగింజ గంధం కలిపితే మట్టి అడుక్కి దిగి నీళ్లు తేరుకోవడం మీ ఇంట్లో పెద్దవాళ్లు చూసే ఉంటారు. కిక్కిస, జమ్ము చేసే పని కొంత అలాంటిదే. ఉరుకుతూ వచ్చిన వాగు ఆ గడ్డిలోకి రాగానే నెమ్మదిస్తుంది. నీరు నెమ్మదించగానే ఒండ్రు కిందికి దిగుతుంది.

రెండో పని కంటికి కనిపించదు. మురుగులో వచ్చే అమోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా, ఇంకో రకం నైట్రేటుగా మారుస్తాయి. కొంత నైట్రేటును మొక్కలు తీసుకుంటాయి. గాలి ఆడని అడుగు బురదలో ఉండే మరో రకం బాక్టీరియా మిగిలినదాన్ని నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. మునిసిపాలిటీలు కోట్లు పెట్టి కట్టే శుద్ధి కేంద్రాల్లోనూ జరిగేది ఇదే పని. తేడా ఏమంటే, ఇక్కడ కరెంటు బిల్లు రాదు. కావాల్సినవి మాత్రం రెండున్నాయి: చోటు, వ్యవధి. గడ్డి పీకేసి నీళ్లను సన్నటి కాలువలోంచి తరిమితే రెండూ పోతాయి.

తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. ఎందుకు?

మావైపు ఏ రైతునడిగినా "డీఓ పడిపోయింది" అంటాడు. డీఓ అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. పగలు నాచు ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే నాచు, చేపలు, అడుగున కుళ్లుతున్న మేత, అన్నీ కలిసి ఆక్సిజన్ వాడుకుంటాయి, చేసేవాళ్లుండరు. సూర్యోదయానికి ముందు అది అట్టడుగుకు చేరుతుంది.

రెండు రోజులు ముసురు పట్టిందనుకోండి. పగలు చేసిన నిల్వే తక్కువ. మూడో రోజు తెల్లవారుజామున పెదనాన్న టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నిలబడి నీళ్ల వాసన చూసేవారు. నీటి మీద టార్చి వేస్తే వేల నోళ్లు గుండ్రంగా తెరుచుకుని ఉండేవి, చప్పరిస్తున్నట్టు చిన్న శబ్దం. ఆ వెంటనే పరుగు: ఏరేటర్లు (నీళ్లకు గాలి ఎక్కించే యంత్రాలు) వేయడం, ఇంజన్‌తో కొత్తనీళ్లు కొట్టడం. ఒకసారి ఆలస్యమైంది. పొద్దెక్కేసరికి చెరువంతా తెల్లటి పొట్టలు. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మొత్తం సరస్సుకు ఇదే జబ్బు వస్తే ఏరేటర్లు ఎక్కడ పెడతారు? పొలాల నుంచి యూరియా, సూపరు ఫాస్ఫేటు, ఊళ్ల నుంచి మురుగు, చెరువుల నుంచి వదిలిన మేత నీళ్లు, అన్నీ చేరితే నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, కుళ్లి, ఆక్సిజన్ మింగేస్తుంది. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా కనిపిస్తే సారవంతంగా ఉన్నాయని మురిసిపోకండి.

చేపల చెరువులు కొల్లేట్లోకి ఎప్పుడొచ్చాయి?

1970ల్లో. దొంగతనంగా వచ్చినవి కావు, మొదట ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి పేద మత్స్యకారులకని తవ్వించింది. అప్పటికి అది మంచి ఆలోచనలాగే ఉండేది. లాభం కళ్లజూశాక బయటి పెట్టుబడి వచ్చింది. సంఘం పేరు సభ్యులది, లీజు డబ్బున్న ఆసామిది, కూలి మళ్లీ సభ్యులదే. పొక్లెయిన్లు వచ్చాక గట్లు ఎత్తు పెరిగాయి. 2001 నాటి ఉపగ్రహ చిత్రాల్లో 245 చదరపు కిలోమీటర్ల సరస్సు ప్రాంతంలో 103 చదరపు కిలోమీటర్లు, అంటే 42 శాతం, చేపల చెరువులే. అవి వెయ్యికి పైగా ఉన్నాయి. మిగిలినదాంట్లోనూ తేట నీరంటూ కనిపించలేదు.

చెరువులోనూ నీళ్లే, చేపలే కదా. పైగా ఎక్కువ చేపలు. నష్టమేంటి?

నన్నడిగితే ఈ పేజీ మొత్తంలో అసలు ప్రశ్న ఇదే. దీనికి నా జవాబు ఒక్క మాటలో: గట్టు.

చెరువులో చేపలు నిజంగానే ఎక్కువ. శీలావతి, బొచ్చె, ఇప్పుడు ఫంగస్ (పంగాసియస్ చేపను మావైపు అలాగే అంటారు). ఐసు పెట్టెల్లో లారీలకెక్కి బెంగాలుకు, ఈశాన్య రాష్ట్రాలకు వెళ్తాయి. కానీ ఆ చేప తినేది బయటి నుంచి తెచ్చిన తవుడు, నూనె తీసిన చెక్క. కొల్లేటి నాచు మీద, కొల్లేటి వరద మీద అది బతకడం లేదు. అక్కడి నుంచి తీసి ఏ మెరక భూమిలో తవ్విన చెరువులో వేసినా అలాగే పెరుగుతుంది. అంటే కొల్లేరు దానికి చోటు మాత్రమే ఇస్తోంది. పోగొట్టుకుంటున్నది మాత్రం తన పనంతా.

గట్టు లేస్తే ఏమవుతుందో వరసగా చూడండి. వరద పరుచుకునే చోటు పోయి పక్క ఊరి మీద పడుతుంది. కొర్రమీను ఎదురెక్కే మెరక పోతుంది. గడ్డి పోతుంది, దానితో పాటు తేటపడే పనీ పోతుంది. గట్ల మధ్య మిగిలిన సందుల్లో నీరు నిలిచిపోయి గుర్రపుడెక్క కమ్ముతుంది. ఉప్పుటేరు వైపు తోసే నీటి ఒత్తిడి తగ్గిపోయి సముద్రం పైకి వస్తుంది. ఒక్కొక్కటీ వేరే వేరే సమస్యలని పత్రికల్లో వేరే వేరే రోజుల్లో చదువుతాం. వేరు ఒక్కటే.

మందులు, యాంటీబయాటిక్‌లు, కోళ్ల వ్యర్థాలు మేతగా వేయడం, ఇవన్నీ కూడా ఉన్నాయి. కోళ్ల వ్యర్థాలు వేయడం నిషేధం, అయినా వేస్తూ పట్టుబడేవాళ్లు ఉంటూనే ఉన్నారు. వాటిని తనిఖీలతోనైనా ఆపొచ్చు. గట్టు ఉన్నంతకాలం నీరు కదలదు, దాన్ని తనిఖీతో కదిలించలేం.

ఆపరేషన్ కొల్లేరు అంటే ఏమిటి? అది పనిచేసిందా?

1999 అక్టోబరులో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత వరకు, 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టులో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో 1971లో చిత్తడి నేలల కోసం దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం అది. కాగితం మీద ఇవన్నీ జరుగుతున్నా చెరువులు మాత్రం కదల్లేదు. చివరికి వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరాక, 2005-06లో గట్లను మందుగుండు పెట్టి పేల్చారు, పొక్లెయిన్లతో తెగ్గొట్టారు. అదే ఆపరేషన్ కొల్లేరు.

పనిచేసిందా అంటే, కొంతకాలం. ఆ తర్వాతి వర్షాకాలం నీళ్లు పరుచుకున్న తీరు చూసి మా అమ్మమ్మ "ఇదిరా కొల్లేరంటే" అన్నది నాకు గుర్తుంది. కానీ గట్టు తెగ్గొట్టినంత సులువుగా బతుకుతెరువు చూపించలేకపోయారు. లీజుదారు లారీ ఎక్కి వెళ్లిపోయాడు. లంకలో ఉన్న కుటుంబానికి కూలీ పోయింది, చేపా అప్పుడే తిరిగి రాలేదు. ఆ సందులోనే మళ్లీ గట్లు లేచాయి. కొన్ని చోట్ల రాత్రికి రాత్రి. మళ్లీ తెగ్గొట్టడం, మళ్లీ కట్టడం, కోర్టులు. చెప్పుకుంటూ పోతే కొల్లేటి చాంతాడే.

ఐదో కాంటూరు, మూడో కాంటూరు అని గొడవ పడతారు. ఏమిటవి?

సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ గీసిన గీత ఐదో కాంటూరు. నేల మీద కనిపించదు, సర్వే రాళ్లు వెతుక్కోవాలి. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ మాత్రం ఐదో కాంటూరే ఉండాలంది.

కుదించమనేవాళ్ల బాధ ఉత్తది కాదు. అభయారణ్యం లోపల వేల ఎకరాల జిరాయితీ భూమి ఉంది. తాతల నాటి పట్టా చేతిలో ఉండీ పరిహారం అందక అమ్ముకోలేని, సాగు చేయలేని కుటుంబాలు ఎన్నో. వాళ్లకు డబ్బు ఇవ్వడం సరైన దారి అంటాను. గీత జరపడం సులువైన దారి. కాగితం మీద గీత రెండడుగులు దించితే సగానికి పైగా అభయారణ్యం పోతుంది, వరద మాత్రం పాత గీతనే గుర్తుపెట్టుకుంటుంది.

2024లో విజయవాడ మునిగింది. దానికీ కొల్లేరుకూ సంబంధం ఉందా?

ఉంది, రెండు వైపులా. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానకు బుడమేరు గట్లు తెగి సింగ్ నగర్ వైపు రోజుల తరబడి మునిగిపోయింది. బుడమేరు నీళ్లు వెళ్లాల్సింది కొల్లేరుకే. దారిలో ఆక్రమణలు, పూడిక, అవన్నీ నగరం వైపు తప్పులు. కానీ కింద పళ్లెం నిండుగా ఉండి, ఉప్పుటేరు మెల్లగా లాగుతుంటే పైనుంచి వచ్చే నీరు వేగంగా దిగదు. నగరం తేరుకుంటున్న రోజుల్లో ఆ నీళ్లన్నీ లంక గ్రామాలకు చేరి, ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి ఎక్కి రాకపోకలు ఆగిపోయాయి. టీవీ కెమెరాలు అప్పటికి వెళ్లిపోయాయి.

గుర్రపుడెక్కను తీసి పారేస్తే సరిపోదా?

తీసినవాళ్లకు తెలుసు. అమెజాన్ ప్రాంతం నుంచి వచ్చిన మొక్క, ఊదారంగు పూలు అందంగా ఉంటాయని తెచ్చుకున్నారట. అనుకూలమైతే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఒక్క పిలక మిగిలినా మళ్లీ అంతా. పైన కప్పు వేసినట్టు కమ్మేస్తే కింద నీళ్లకు వెలుగు అందదు, ఆక్సిజన్ పడిపోతుంది, దోనె నడవదు. దాన్ని తినే ముక్కుపురుగులను 1980ల్లో మన దేశంలోకి తెచ్చి వదిలారు, కొన్నిచోట్ల బాగా పనిచేశాయి. మురుగులో వచ్చే ఎరువు ఆగి, నీరు కదిలితే తప్ప పూర్తిగా వదలదు.

కొల్లేరు మంచినీటి సరస్సు కదా, ఉప్పెక్కుతోందని ఎందుకంటారు?

ఉప్పుటేరు పేరులోనే జవాబుంది. ఏటి వాలు చాలా తక్కువ. కొల్లేట్లో నీటిమట్టం బాగున్నప్పుడు మంచినీరు సముద్రం వైపు తోస్తుంది. మట్టం తగ్గితే పోటు సమయంలో ఉప్పునీళ్లు ఎదురెక్కుతాయి. దీనికి అడ్డుగా ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన చాలాకాలంగా ఉంది. నాకు అందులో సగమే నమ్మకం. తలుపులు దింపితే ఉప్పు ఆగుతుంది, నిజమే. వరద రాత్రి వాటిని ఎవరు, ఎప్పుడు ఎత్తుతారన్నది, కింద నుంచి ఎదురెక్కి వచ్చే చేపల దారి ఏమవుతుందన్నది కూడా చూడాలి. ఇంకోవైపు ఎగువ ఆనకట్టలు ఒండ్రును ఆపేయడంతో డెల్టా నేలకు కొత్తమట్టి చేరడం తగ్గింది, సముద్రమట్టం పెరుగుతోంది. ఆ పోటీలో పల్లంలో ఉన్నవాళ్లకే ముందు దెబ్బ.

అభయారణ్యంలో చేపలు పట్టడం నేరమా?

గట్లు వేసి పెంచడం నేరం. దోనె మీద వెళ్లి వలలు, మావులతో (నీటి పారుదలలో పెట్టే చేపల బుట్టలతో) సంప్రదాయంగా పట్టుకోవడానికి అనుమతి ఉంది. తరతరాలుగా అక్కడ వేట మీదే బతికే వడ్డీ కులంవాళ్లకు ఇది చాలా ముఖ్యమైన తేడా. బయటినుంచి వచ్చేవాళ్లు రెండింటినీ కలిపి "చేపలవాళ్లే కొల్లేరును పాడుచేశారు" అనేస్తారు. మావులు పెట్టేవాడికి నీళ్లు పారితేనే చేప పడుతుంది. అందరికంటే ముందు వాడికే నీళ్లు పారాలి.

పక్షులు ఇప్పుడూ వస్తున్నాయా? ఎప్పుడు వెళ్లి చూడాలి?

వస్తున్నాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కైకలూరు పక్కనే ఉన్న ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లండి. తెల్లవారగానే చేరుకోవాలి, తొమ్మిది దాటితే వెలుతురు కళ్లలో పడుతుంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు. చెట్లు చాలక అటవీశాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు పెట్టింది, వాటి మీదే గూళ్లు కట్టేశాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది, ఇనుము మీద గూడేమిటని. పక్షికి ఆ పట్టింపు లేదు. తల్లి సంచి నోరు తెరిస్తే పిల్ల తల మొత్తం మెడదాకా లోపలికి పెట్టి చేపను లాక్కుంటుంది. ఆ చేప చాలాసార్లు చుట్టుపక్కల చెరువుల్లోదే. చెరువులవాళ్లు వలలు కప్పి, టపాకాయలు కాల్చి తోలుతుంటారు, వాళ్ల బాధ వాళ్లది.

ఏలూరు నుంచి వస్తే దారిలో పెదయడ్లగాడి వంతెన దగ్గర బండి ఆపండి. పక్షుల కోసం కాదు. వంతెన మీంచి కిందికి ఒక కిక్కిస పుల్ల వేసి, అవతలి వైపుకు నడిచి వెళ్లి చూడండి. మేం చిన్నప్పుడు వేసిన పుల్లను అందుకోవాలంటే పరుగెత్తాల్సి వచ్చేది. పోయిన సంక్రాంతికి మా అబ్బాయితో వేయించాను. మేం నడిచి వెళ్లి, చాలాసేపు నిలబడి, తిరిగి ఇవతలికి వచ్చి చూస్తే, పుల్ల వేసినచోటే గుర్రపుడెక్క మీద ఉంది.